తదుసాక్‌లో పాత తోలు బేరం

బస్సు గంటన్నర లేటు. కెనడాలోని క్విబెక్ బస్టాండులో బోర్డు మీద ఫ్రెంచి అక్షరాలు అటూ ఇటూ పాకుతున్నాయి. కౌంటర్లో అబ్బాయిని అడిగితే నవ్వి రెండు చేతులూ పైకెత్తాడు. మన ఆర్టీసీలో విచారణ కిటికీ దగ్గర, విసుక్కుంటూనే అయినా, "ఇంకా డిపోలోనే ఉందండీ" అని ఒక ముక్క చెబుతారు. ఈలోగా రెండు కాఫీలు 9 డాలర్లు. మా ఆవిడ వెంటనే అరవై పెట్టి గుణించి, "ఐదొందల నలభై! బందరులో పావుకిలో కాఫీపొడి కొనుక్కుని, మిగిలినదాంతో ఆటోలో మంగినపూడి బీచికి వెళ్లి రావచ్చు" అంది. అన్నదే గానీ కప్పులో చుక్క మిగల్చలేదు.

మేం వెళ్లేది తదుసాక్. సాగనే నది వచ్చి సెయింట్ లారెన్స్‌లో కలిసే చోటు. అక్కడికి అందరూ తిమింగలాల కోసం వెళ్తారు. మాంట్రియల్‌లో ఉండే మా అమ్మాయి టికెట్లు తీసిందీ అందుకే. నేను బయల్దేరింది మాత్రం ఒక చెక్క కొట్టు చూడటానికి. అంతకు ముందువారం మాంట్రియల్ పక్కనే లాషీన్‌లో తోళ్ల వ్యాపారపు గోదాం చూశాను. 1803 నాటి రాతి కట్టడం. అక్కడ 90 పౌన్ల తోళ్ల మూట ఒకటి ఉంది. పడవవాళ్లు అలాంటివి రెండేసి వీపున వేసుకుని అడవిదారిన నడిచేవాళ్లట. ముప్పై ఏళ్లు వాణిజ్య పన్నుల శాఖలో చేసినవాణ్ణి, మూట కనబడితే ముందు బిల్లు అడగాలనిపిస్తుంది. ఎక్కడ కొన్నారు, ఎక్కడికి తోలుతున్నారు, పన్ను ఎవరు కట్టారు. గోడల మీద రాసిపెట్టినదాంట్లో సగం నా పాత ఫైళ్లు చదువుతున్నట్టే ఉంది. ఈ కథంతా మొదలైంది తదుసాక్‌లో అన్నారు. సరే, పదమన్నాను.

పైగా నాది బందరు. రోజూ పరాసుపేట మీదుగా బడికి వెళ్లినవాణ్ణి. పరాసులంటే ఫ్రెంచివాళ్లు, 1669లో మా ఊళ్లో వర్తకశాల పెట్టారు. ఉద్యోగంలో చివరి పదేళ్లు కాకినాడ వైపు, పక్కనే యానాం. ఈ పరాసుల బాకీ ఏదో నన్ను వదలడం లేదు.

కొండలు ఎక్కి దిగి, ఎక్కి దిగి, మధ్యాహ్నానికి రోడ్డు నీళ్ల దగ్గర ఆగిపోయింది. వంతెన లేదు. బస్సుతో సహా మమ్మల్ని పంటు ఎక్కించారు. యానాం దగ్గర వారధి రాకముందు ఎదురులంకకు దాటినట్టే ఉంది, కాకపోతే ఇది మూడంతస్తుల పంటు. మా ఆవిడ అలవాటుగా పర్సు తీసింది. డబ్బు తీసుకోరట. ఇరవై నాలుగు గంటలూ ఉచితమట. "ఈ దేశం వచ్చాక ఊరికే దొరికింది ఇదొక్కటే. ఇంకో రెండుసార్లు తిరుగుదామా?" అంది. పైకెక్కి, చలిగాలిలో వణుకుతూ, ఆవిడ డబ్బాలో తెచ్చిన పులిహోర తిన్నాం. మేం వదిలి వచ్చిన ఒడ్డు పక్కనే 1603 మే 27న షాంప్లేన్, గ్రావే ద్యూపోన్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు అక్కడి ఆదివాసులైన ఇన్నూ జనం నాయకుడు అనదబిజు విందులో కూర్చుని పొగ తాగారు. మీరు మా నేల మీద ఉండండి, మా శత్రువుల మీద మాకు సాయం రండి, అదీ ఒప్పందం. ఆ సాయం ఎన్ని యుద్ధాలకు దారితీసిందో చెప్పాలంటే ఇంకో ప్రయాణం చేయాలి.

కొట్టు చూడగానే ఉసూరుమనిపించింది. మన పల్లెల్లో ధాన్యం పోసుకునే కొట్టంత ఉంది. అదైనా అసలుది కాదు, 1942లో మళ్లీ కట్టింది. అసలుదీ పెద్దదేం కాదులెండి, 25 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. పియర్ షోవాన్ అనే వర్తకుడు రాజు నాలుగో హెన్రీ దగ్గర తోళ్ల వ్యాపారం గుత్తకు రాయించుకుని 1600లో కట్టాడు. జనాన్ని తెచ్చి ఇక్కడ నిలపాలన్నది గుత్త షరతు. గుత్తదారు షరతు పాటించే తీరు ఏ దేశమైనా ఒక్కటే. పదహారుమందిని దింపి, తను తోళ్లు వేసుకుని ఇంటికి పోయాడు. చలికాలం దాటేసరికి మిగిలింది ఐదుగురు. ఇన్నూ జనం చేరదీసి తిండి పెట్టబట్టి ఆ ఐదుగురైనా మిగిలారు.

తర్వాత 1627లో మంత్రి రిషెలియూ వందమంది భాగస్వాములతో పెద్ద కంపెనీ పెట్టించి, తోళ్ల మీద గుత్తాధికారమిచ్చి, పదిహేనేళ్లలో 4,000 మందిని తేవాలన్నాడు. మొదటి ఏడాదే వాళ్ల ఓడల్ని ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు, అది నిజమే. అయినా 1663లో రాజు విసిగి ఇక్కడి ఫ్రెంచి కాలనీని తన చేతుల్లోకి తీసుకునేనాటికి మొత్తం జనాభా 3,000 ప్రాంతం. తోళ్ల వ్యాపారికి జనం దేనికి? జనం వస్తే అడవి కొడతారు, పొలాలు వేస్తారు, పక్కనే ఇంకో నాలుగు తోళ్లు దొంగచాటుగా కొంటారు.

లోపల గైడు అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. మేం తప్ప ఎవరూ లేరు, తిమింగలాల పడవ వేళ అది. మా ఇంగ్లీషు, ఆ అమ్మాయి ఇంగ్లీషు రెండూ అంతంత మాత్రమే కావడంతో సంభాషణ హాయిగా సాగింది. బీవర్ తోలొకటి తీసి మా చేతుల్లో పెట్టింది. బీవర్ అంటే ఎలక జాతి, మన పందికొక్కుకి పెద్దన్న. ఇరవై కిలోలు దాటి కూడా పెరుగుతుంది, తోక మాత్రం అట్లకాడ. తోలు పైన గరుకు వెంట్రుకలు, బట్టలుతికే బ్రష్షులా. వాటిని వేళ్లతో పాయ తీసి చూడమంది. కింద బూడిదరంగు నూగు. వేలు పెడితే వేలు కనబడలేదు, అంత దట్టం. పిల్లిపిల్ల పొట్టలా వెచ్చగా ఉంది. కావలసింది ఆ నూగేనట. ఒక్కొక్క పోగుకీ కంటికి ఆనని కొక్కేలుంటాయి. తడిపి, వేడి చేసి, వత్తగా వత్తగా ఒకదాన్నొకటి పట్టుకుని నేత లేని గుడ్డ అవుతుంది. దాంతో చేసిన టోపీ వానకు తడిసినా వాలదు. యూరప్‌లో బీవర్లను అప్పటికే దాదాపు ఊడ్చేశారు, టోపీ లేని పెద్దమనిషికి మర్యాద లేదు. ఇంక తోలుకి గిరాకీ ఎంతుంటుందో చూసుకోండి.

"అన్నిటికంటే ఎక్కువ ధర ఏ తోలుకో చెప్పండి" అంది గైడు. కొత్తదానికి అన్నాను. కాదట. కప్పుకుని పాతబడినదానికట. ఇన్నూ వాళ్లు ఐదారు తోళ్లు కలిపి కుట్టి, బొచ్చు లోపలికి పెట్టి, చలికాలమంతా ఒంటిమీద కప్పుకునేవాళ్లు. ఏడాది, ఏడాదిన్నర వాడేసరికి ఒంటి చెమటకీ, కొవ్వుకీ, రాపిడికీ పై వెంట్రుకలు రాలిపోయి నూగు మిగిలేది. టోపీలవాడికి సగం పని తప్పినట్టే. దాన్ని జిడ్డు బీవర్ అనేవాళ్లు, వాడనిది ఎండు బీవర్. ఆ జిడ్డు కంబళి ఇచ్చి వాళ్లు రాగి బిందెలు, గొడ్డళ్లు, సూదులు తీసుకెళ్లేవాళ్లు.

మా ఆవిడ తోలు మీంచి చెయ్యి తీయకుండా, "ఏవండీ, ఇది మన స్టీలు సామాన్లవాడి బేరం కదూ" అంది.

నాకు వెంటనే తట్టలేదు. "అదేనండీ, పాత పట్టుచీరలకి స్టీలు సామాన్లూ... అని అరుస్తూ వచ్చేవాడు! మా అమ్మ పెళ్లిచీర చిరుగులు పడిందని వాడికిచ్చి గుండిగ తీసుకుంది." నాకూ తెలుసు ఆ గుండిగ. మా పెళ్లిలో పప్పు వండింది దాంట్లోనే. చిరిగిన చీరకి గుండిగ ఇచ్చాడు, వీడెవడే వెర్రివాడు అని మా అత్తగారు ఆ రోజు వీధి వీధంతా తిప్పి చూపించిందట. వాడు సందు మలుపు తిరిగాక అంచు జరీ చించి, కాల్చి, వెండి తీసుకుని ఉంటాడు. వాడికి ఆవిడ వెర్రిది, ఆవిడకి వాడు వెర్రివాడు. గుండిగ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, చీర లేదు.

దీన్ని గైడుకి ఇంగ్లీషులో చెప్పడానికి పావుగంట పట్టింది. జరీ దగ్గర ఇద్దరం చిక్కుకున్నాం, మా ఆవిడ తన చీర అంచు చూపించి గట్టెక్కించింది. అర్థమయ్యాక ఆ అమ్మాయి బల్ల చరిచి నవ్వింది. 1630ల్లో లెజన్ అనే పాదిరి దగ్గర ఒక ఇన్నూ మనిషి అచ్చం మీ అమ్మగారి మాటే అన్నాడంది. బీవర్ మాకు అన్నీ చేసిపెడుతుంది, గిన్నెలు చేస్తుంది, గొడ్డళ్లు చేస్తుంది, రొట్టె కూడా చేస్తుంది. ఈ ఇంగ్లీషువాళ్లకు బుద్ధి లేదు, ఒక్క తోలుకి ఇరవై కత్తులిస్తారు, అని. పాదిరి ఆ మాట రాసిపెట్టాడు కాబట్టి మనకు తెలిసింది. మా అత్తగారి మాట రాసిపెట్టే పాదిరి దొరకలేదు.

ఇక నేను పన్నుల్లోకి దిగాను. మా ఆవిడ బెంచీ వెతుక్కుంది. కాలనీలోంచి వెళ్లే బీవర్ తోళ్లలో నాలుగో వంతు, మూస్ అనే పెద్ద దుప్పి తోళ్లలో పదో వంతు పన్ను. తదుసాక్ చుట్టుపక్కలంతా రాజుగారి సొంత ఖాతా, గుత్తకిచ్చేవాళ్లు. తోలు ఫ్రాన్సుకే అమ్మాలి, సామాను ఫ్రాన్సులోనే కొనాలి. కాలనీ ఉన్నది రాజుగారి ఖజానా నింపడానికి అన్నదే వాళ్ల లెక్క. నాణేలు అటు వెళ్లడమే గానీ ఇటు రావు. 1685లో సైనికులకు జీతాలివ్వడానికి చిల్లిగవ్వ లేక, ఇక్కడి ఆర్థిక వ్యవహారాల పెద్ద పేకముక్కల మీద సంతకాలు పెట్టి డబ్బుగా పంచాడు. పేకాటలో జీతం పోగొట్టుకున్నవాళ్లను చూశాను గానీ పేకముక్కే జీతం కావడం ఇక్కడే విన్నాను.

నాలుగో వంతు పన్ను అనగానే నాకు తర్వాతి కథ చెప్పక్కర్లేకపోయింది. "ఏ దారిన దాటించారు?" అని అడిగాను. ఆల్బనీ దారిన. దక్షిణాన ఇంగ్లీషువాళ్ల ఊరు. అక్కడ తోలుకి ధర ఎక్కువ, మొహాక్ లాంటి ఆదివాసీ జనాలకు నచ్చే ఎర్ర ఉన్నిగుడ్డ దొరికేదీ అక్కడే. లాషీన్‌కు ఎదురొడ్డున మొహాక్ ఊళ్లో దెజోనియే అక్కచెల్లెళ్లు ముగ్గురు కొట్టు పెట్టి ఈ వ్యాపారం నడుపుతున్నారని అధికారులు ఏళ్ల తరబడి రిపోర్టులు రాశారు. అయినా పాతికేళ్ల ప్రాంతం కొట్టు నడుస్తూనే ఉంది. నాకు యానాం గుర్తొచ్చింది. గోదావరి ఇవతల ఒక పన్ను, నాలుగడుగులు వేస్తే పుదుచ్చేరి పన్ను. మందు సీసాలు ఎక్సైజు వాళ్ల గొడవనుకోండి, యానాం బిల్లు కొట్టించుకుని ఊరు దాటని సరుకుల వెనకాల మేం ఎన్ని రాత్రులు తిరిగామో. చలానా రాసి, సంతకం పెట్టించుకుని, టీ తాగి తిరిగొచ్చేలోపు ఇంకో లారీ దాటేది.

పన్ను పిండితే ఏమవుతుందో రాజుగారికి ఒకసారి బాగానే తెలిసొచ్చింది. 1660లో రాడిసన్, అతని బావగారు గ్రోజెయే పశ్చిమాన సుపీరియర్ సరస్సు దాకా పోయి పడవల నిండా తోళ్లు తెస్తే, అనుమతి లేకుండా వెళ్లారని గవర్నరు చాలామటుకు లాక్కున్నాడు. వాళ్లు ఒళ్లుమండి ఇంగ్లీషువాళ్ల దగ్గరికి పోయారు. 1670లో హడ్సన్ బే కంపెనీ పుట్టింది అలాగే. ఆ కంపెనీ దుకాణాలు మొన్న 2025లో గానీ మూతపడలేదు.

నన్ను ఎక్కువగా చికాకు పెట్టింది టోపీల సంగతి. తోలు ఇక్కడిది, చేతులు ఇక్కడివి, చలీ ఇక్కడే. మాంట్రియల్, క్విబెక్‌లో కొందరు టోపీలు చేయడం మొదలుపెడితే 1736లో రాజాజ్ఞతో వాళ్ల కార్ఖానాలు మూయించారు. తోలు ఓడెక్కి సముద్రం దాటి టోపీ అయి రావాలే తప్ప ఇక్కడ టోపీ కాకూడదు. దానికి యాభై ఏళ్ల ముందు, 1686లో, అదే ప్రభుత్వం తమ నేతగాళ్లకు దెబ్బ అని మన దేశపు అద్దకం బట్టల్ని ఫ్రాన్సులోకి రాకుండా నిషేధించింది. మా బందరు కలంకారీ కూడా అందులోనిదే. 1759 దాకా ఆ నిషేధం ఉంది, అన్నాళ్లూ దొంగచాటుగా బట్ట వెళ్తూనే ఉంది. తూర్పు దేశాల కంపెనీ, పశ్చిమ దేశాల కంపెనీ రెండింటినీ కోల్‌బేర్ అనే మంత్రి ఒకే ఏడాది, 1664లో పెట్టించాడు. పరాసుపేటకీ ఈ చెక్క కొట్టుకీ చుట్టరికం ఉందని గైడుతో అంటే, ఆ అమ్మాయి బందరు స్పెల్లింగు అడిగి కాగితం మీద రాసుకుంది. మచిలీపట్నం అని రాయించాను, పాపం మూడుసార్లు కొట్టేసింది.

మర్నాడు తిమింగలాల పడవ ఎక్కాం. కనబడ్డాయి. ఫొటోలు మా ఆవిడ ఫోనులో ఉన్నాయి.

వచ్చేముందు ఊళ్లో ఒక దుకాణంలో తాళాల గుత్తికి వేలాడదీసే బీవర్ బొచ్చు ముక్క కొన్నాను. చీటీ మీద 23 డాలర్లు. ఇక్కడ చీటీ మీది ధర నమ్మకూడదు, కౌంటరు దగ్గర రెండు పన్నులు వేస్తారు, కేంద్రానికి 5 శాతం, క్విబెక్‌కి 9.975 శాతం. ఆ మూడు దశాంశాల స్థానాలు చూసి వృత్తిరీత్యా ముచ్చటేసింది, జేబురీత్యా కాదు. 30 ఇస్తే 3.55 చిల్లర వచ్చింది. అందులో ఐదు సెంట్ల బిళ్ల మీద కూడా బీవరే కూర్చుని ఉంది. బిల్లు మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాను.

పంటు మీద ఆవిడ బొచ్చు ముక్కని చెంపకి ఆనించుకుని, "బాగుందండీ. ఎంత?" అంది.

"పన్నెండు" అన్నాను.

"పన్నులతో కలిపేనా?"

"కలిపే."

కాసేపు నీళ్లకేసి చూసి, చెయ్యి చాపింది. "బిల్లేదీ?"