‘ఇది ఏ రకం పరిశోధన?’: నా పీహెచ్‌డీ అనుభవం

నెట్ పరీక్షకు (కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష) చదివే రోజుల్లో పరిశోధన రకాలన్నీ నాకు నోటికి వచ్చు. మౌలికం, అనువర్తితం, వర్ణనాత్మకం, విశ్లేషణాత్మకం, పరిమాణాత్మకం, గుణాత్మకం, చారిత్రకం, ప్రయోగాత్మకం. మొదటి పేపర్‌లో రీసెర్చ్ ఆప్టిట్యూడ్ అని ఒక యూనిట్ ఉంటుంది. టీచరు తన క్లాసులోని సమస్యను తీర్చుకోవడానికి తానే చేసే పరిశోధన ఏది అంటే, ఇంకేం చదవకుండా యాక్షన్ రీసెర్చ్ అని టిక్కు పెట్టేయడమే. 2019లో అర్థశాస్త్రంలో పీహెచ్‌డీకి రిజిస్టర్ అయ్యే దాకా ఆ జాబితాతో నాకు అంతకు మించి పని పడలేదు.

నేను ఎంచుకున్న అంశం కృష్ణా డెల్టాలో కౌలు రైతులు. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. అంతకుముందు 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులు ఉండేవి. కొత్త చట్టంలో భూమి యజమాని, కౌలుదారు 11 నెలలకు ఒప్పందం రాసుకోవాలి. యజమాని సంతకం పెడితే కౌలుదారుకు పంట సాగుదారు హక్కుల పత్రం, అంటే సీసీఆర్‌సీ కార్డు వస్తుంది. ఆ కార్డుతో పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగొచ్చు. మా ఇంట్లో కూడా కౌలు సేద్యమే కాబట్టి ఈ సంగతులు నాకు పుస్తకాల్లోంచి రాలేదు. సినాప్సిస్‌లో, అంటే పరిశోధన ప్రతిపాదనలో, ‘కౌలు రైతుల సమస్యలు: ఒక అధ్యయనం’ అని రాసి గైడ్ మేడమ్ ముందు పెట్టాను.

ఆవిడ శీర్షిక చదివి అడిగారు. “సమస్యలున్నాయని నీకు ముందే తెలుసుగా అమ్మా. ఇంక కనుక్కోవడానికి ఏముంది?”

తర్వాత ఇంకో ప్రశ్న వేశారు. పొలంలో ఏం కనబడితే నీ అభిప్రాయం మార్చుకుంటావు అని. జవాబు లేకుండా బయటికొచ్చాను. నిజం చెప్పాలంటే కోపం కూడా వచ్చింది. మా నాన్న అప్పుల గురించి నాకు ఈవిడ చెప్పేదేమిటి అనిపించింది. కానీ ఆ ప్రశ్న వదల్లేదు. ఏం తేలినా నా మాట మారదు అనుకుంటే, నేను చేసేది ఉద్యమం కావచ్చు, వార్తా కథనం కావచ్చు. రెండూ గౌరవమైన పనులే. పరిశోధన మాత్రం కాదు. నా నమ్మకం తప్పని తేలే దారి ఒకటి అందులో తెరిచి ఉంచాలి. పరికల్పన (ముందుగా వేసుకునే ఊహ), శూన్య పరికల్పన (ఆ ఊహలో చెప్పిన సంబంధం లేదనే మాట) అని మెథడాలజీ క్లాసులో బోర్డు మీద రాసేది ఈ దారి గురించేనని అప్పుడు తట్టింది.

చివరికి ప్రశ్న ఇలా కుదిరింది: అర్హత ఉన్న కౌలు రైతుల్లో కొందరే సీసీఆర్‌సీ తీసుకుంటున్నారు, మిగతావాళ్లు ఎందుకు తీసుకోవడం లేదు? నా పరికల్పన, కార్డు గురించి తెలియకపోవడం వల్ల అని. మండల స్థాయిలో అధికారులు చెప్పే మాట కూడా అదే.

ఆ పాత జాబితా అప్పటినుంచి పనికొచ్చింది. ఎంతమందికి కార్డు ఉంది, ఎంత కౌలు కడుతున్నారు, అప్పు ఎక్కడ తెస్తున్నారు అని అడిగితే అది వర్ణనాత్మకం. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే దాని పని. చదువుకున్నవాళ్లకు కార్డు ఎక్కువగా వస్తోందా, కొంత సొంత పొలం ఉన్నవాళ్లకు వస్తోందా అంటే విశ్లేషణ మొదలైంది, లెక్కల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్ఎస్ తెరవాలి, రెండిటికీ సంబంధం ఉందో లేదో చూసే కై-స్క్వేర్ పరీక్ష వేయాలి. యజమాని సంతకానికి ఎందుకు వెనకాడతాడు అంటే లెక్కలకు అందదు, కూర్చుని గంటల తరబడి మాట్లాడాలి, అది గుణాత్మకం. ఊరు అదే, రైతూ అతనే. మనం అడిగే మాటను బట్టి రకం మారుతుంది. ముందు రకం ఎంచుకుని తర్వాత ప్రశ్న వెతుక్కునే స్కాలర్లను చాలామందిని చూశాను. ‘నాది క్వాంటిటేటివ్’ అని కులగోత్రాలు చెప్పినట్టు చెబుతారు, ఏం కనుక్కుంటున్నావంటే నీళ్లు నములుతారు.

మౌలికం (సిద్ధాంతం కోసం చేసేది), అనువర్తితం (ఒక సమస్య తీర్చడానికి చేసేది) అన్న తేడా దగ్గర మాత్రం మా పని సమీక్షించే పరిశోధన సలహా కమిటీ (ఆర్‌ఏసీ) మీటింగులో బాగా ఇరుక్కున్నాను. కమిటీలో ఒక సార్ అడిగారు, నీది ఏది అని. చట్టం అమలు గురించి కాబట్టి అనువర్తితం అన్నాను. అయితే ప్రభుత్వానికి సిఫార్సులు రాసిస్తే చాలుగా, పీహెచ్‌డీ ఎందుకు అన్నారు. కౌలు ఒప్పందాలు కాగితం మీదికి రాకుండా నోటిమాటగానే ఎందుకు మిగిలిపోతాయి అన్నది సిద్ధాంతానికీ పాత ప్రశ్నే అని తడబడుతూ చెప్పాను. ఈ రెండింటి మధ్య గోడ అంత గట్టిది కాదని నా అభిప్రాయం. ఫామ్‌లో మాత్రం రెండు గడులే ఉంటాయి, ఒకదాంట్లో టిక్కు పెట్టాలి.

సాహిత్య సమీక్ష కోసం పాత గ్రామ సర్వేలు వెతికాను. చదువులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. గుంటూరు జిల్లా అనంతవరంలో 1974లో పుచ్చలపల్లి సుందరయ్య గారు ఇంటింటి సర్వే చేయించారు. 2005-06లో ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ వాళ్లు అదే ఊరికి మళ్లీ వెళ్లి లెక్కలు తీశారు. ఇటు మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, డోకూరు గ్రామాలను అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి అధ్యయనం చేసింది. ఒక్కసారి వెళ్లి వచ్చే సర్వేలో ఆ రోజు ఊరెలా ఉందో తెలుస్తుంది, అంతే. ఒకే ఊరిని ఏళ్ల తరబడి చూస్తేనే ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి భూమి పోయిందో కనబడుతుంది. పీహెచ్‌డీ గడువులో ఒక మనిషి చేయగలిగిన పని కాదది. నాది ఒకసారి తీసే సర్వేనే అని ఒప్పుకుని పరిమితుల అధ్యాయంలో రాశాను.

ఇక ఫీల్డ్. ప్రశ్నావళికీ షెడ్యూల్‌కూ తేడా ఏమిటంటే మొదటిది జవాబు చెప్పేవాళ్లే నింపుతారు, రెండోది మనం అడిగి నింపుతాం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. పొలం గట్టు మీద నిలబడితే తెలుస్తుంది ఆ రెండు మార్కుల విలువ. నా షెడ్యూల్‌లో ‘మీరు చెల్లించే కౌలు ఎకరాకు ఎన్ని రూపాయలు?’ అని ఉండేది. ముందుగా కొద్దిమందితో చేసి చూసే పైలట్ స్టడీలోనే అది పనికిరాదని తేలింది. వరికి బస్తాల్లో చెబుతారు. మినుముకి, మిరపకి డబ్బుల్లో చెబుతారు. కొందరు ముందే కడతారు, కొందరు పంట అమ్మాక. ఒక ప్రశ్నను విడగొట్టి నాలుగు చేయాల్సి వచ్చింది. పైలట్ దండగని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

శాంపిల్ ఇంకో తలనొప్పి. యాదృచ్ఛికంగా ఎంపిక చేయాలంటే ముందు మొత్తం జాబితా కావాలి. నోటిమాట కౌలుకు జాబితా ఎక్కడిది? కార్డు ఉన్నవాళ్ల పేర్లు దొరుకుతాయి. నాకు కావాల్సింది లేనివాళ్లు. ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి ముందు నేనే జాబితా రాసుకుని, అందులోంచి ఎంపిక చేశాను. వలస వచ్చి కౌలు చేసేవాళ్లు అలా కూడా దొరకలేదు. ఒకరు చెబితే ఇంకొకరి దగ్గరికి వెళ్లే స్నోబాల్ పద్ధతి వాళ్ల కోసం వాడాను. దీని మధ్యలోనే 2020 లాక్‌డౌన్ వచ్చి పడింది. కొందరు ఫోన్‌లో సర్వే చేయమన్నారు. భూమి యజమాని గురించి ఫోన్‌లో నిజం చెప్పేదెవరు? ఆగాను.

మళ్లీ వెళ్లినప్పుడు ఒక పెద్దాయన అన్నాడు. “రాసుకోమ్మా. ఇదివరకు కూడా ఎవరో వచ్చి రాసుకుపోయారు. రాసుకున్నోళ్లకు ఉద్యోగాలొచ్చాయో లేదో గానీ మాకైతే లోను రాలేదు.” పరిశోధన ప్రయోజనాల మీద నేను విన్న అన్ని లెక్చర్ల కంటే గట్టి ప్రశ్న అది. దీనివల్ల మీకు లోను వస్తుందని చెప్పలేను, మీరు చెప్పింది మార్చకుండా రాస్తాను, పేరు బయటపెట్టను అని మాత్రమే చెప్పాను. రీసెర్చ్ ఎథిక్స్ పేపర్‌లో సమ్మతి అంటే సంతకం పెట్టిన ఫామ్. సంతకం అంటేనే భయపడే చోట కాగితం ముందుకు తోస్తే మనిషి లేచి వెళ్లిపోతాడు. మేడమ్‌తో మాట్లాడి నోటిమాట సమ్మతికి మార్చుకున్నాం, ఆ కారణం థీసిస్‌లో రాశాం.

నా పరికల్పన నిలబడలేదు. కార్డు గురించి చాలామందికి తెలుసు. అడిగితే వచ్చే ఏడాది పొలం ఇవ్వరేమోనని అడగడం లేదు. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందని యజమానుల భయం. చట్టంలో అలా ఏమీ లేదు, అయినా భయం భయమే. కార్డు తెచ్చుకున్న కొందరికి బ్యాంకులో ఇంకో చిక్కు, అదే పొలం మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. పరికల్పన వీగిపోయిందని నేను డీలా పడితే మేడమ్ సంతోషించారు. అవగాహన సదస్సులు పెట్టి ఏం లాభం లేదని తేలింది, అది తేలడం చిన్న విషయమా అన్నారు.

ఆ తర్వాతి కాగితాల గొడవ త్వరగా చెప్పేస్తాను. మా బ్యాచ్‌కు 2016 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు. థీసిస్ ఇచ్చేలోపు నిపుణులు పరిశీలించాకే వేసే రిఫరీడ్ జర్నల్‌లో కనీసం ఒక పేపర్, సదస్సుల్లో రెండు సమర్పణలు తప్పనిసరి. మూడు రోజుల్లో పబ్లిష్ చేస్తాం, ఫీజు పంపండి అనే మెసేజ్‌లు కుప్పలుగా వచ్చేవి. యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా, అంటే కేర్ లిస్ట్ చూసుకుని మామూలు జర్నల్‌కు పంపి చాలా నెలలు ఎదురుచూశాను. 2022 నిబంధనల్లో పేపర్ తప్పనిసరి అన్నది తీసేశారు, 2025లో కేర్ లిస్టునే ఆపేశారు. సిమిలారిటీ, అంటే ఇతరుల రాతలతో పోలిక, పది శాతం దాటకూడదన్న 2018 నిబంధన దగ్గర అందరికీ టెన్షనే. చట్టంలోని సెక్షన్లను యథాతథంగా రాసినా సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తుంది. కోట్ గుర్తులు సరిగ్గా పెడితే చాలావరకు పోతుంది.

థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో (వైవా) బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ టేబుళ్ల జోలికి పోలేదు. మీరు కౌలు రైతు కుటుంబం నుంచి వచ్చారు కదా, మీ విశ్లేషణను ఎందుకు నమ్మాలి అని అడిగారు. నన్ను నమ్మనక్కర్లేదు, నా పరికల్పన వీగిపోయిన అధ్యాయం చూడండి అన్నాను. యజమానుల ఇంటర్వ్యూలు ఇంకొన్ని ఉండాల్సింది అన్నారు. ఆ మాట నిజమే. ఇప్పుడు రాస్తున్న పేపర్ వాళ్ల మీదే.

థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలో ఉంది, ఇంగ్లిష్‌లో. అందుకని ముఖ్యమైన విషయాలు తెలుగులో నాలుగు పేజీలు రాసి ఆ ఊళ్లకు పట్టుకెళ్లాను. ‘రాసుకోమ్మా’ అన్న పెద్దాయన వాళ్ల మనవడితో చదివించుకున్నాడు. యజమానుల భయం గురించిన పేరా రెండుసార్లు చదివించి, ఈ పేజీ మా ఆసామికి కూడా ఇస్తానన్నాడు. కౌలు రేట్ల పట్టిక దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆపించి, ఇవి పాత రేట్లు, ఇప్పుడు ఎకరాకు ఇంకా పెరిగింది, మార్చుకో అన్నాడు.