శంషాబాద్ టు డాలస్: టికెట్‌లో పన్నెండు, ప్రయాణంలో ఇరవై రెండున్నర

రాత్రి 10కి శంషాబాద్‌లో ఎక్కడం, మర్నాడు పొద్దున 10కి డాలస్‌లో దిగడం. అమ్మాయి పంపిన టికెట్ చూసి "పన్నెండు గంటలేనా, పర్లేదే!" అంది మా ఆవిడ. ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, టైమ్ లెక్క నాకొదిలెయ్ అన్నాను. ఎండాకాలంలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. మేం వెళ్ళింది మే నెలలో. దుబాయ్‌లో ఆగే రెండున్నర గంటలతో కలిపి మొత్తం 22.30 తేలింది. విని కాసేపు మాట్లాడలేదావిడ.

దూరం సంగతి ఇంకా విచిత్రం. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే, డాలస్ 97 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 175, అంటే భూమికి దాదాపు అటు వైపు. పక్కింటి పిల్లాడి గ్లోబు మీద దారం పెట్టి లాగితే ఉత్తర ధ్రువం పక్కనుంచే పోయింది! ఆ దారిన 14,400 కిలోమీటర్లు. విజయవాడకు ఇరవై ఆరుసార్లు వెళ్ళొచ్చినంత. నేరుగా వెళ్ళే విమానం లేదు కనుక దుబాయ్‌కి 2,550, అక్కడి నుంచి 12,900. చుట్టు తిరగడం వల్ల వెయ్యి పెరిగింది, అంతే.

నాకు అసలు టెన్షన్ మాత్రల గురించి. పొద్దున బీపీకి, రాత్రి షుగర్‌కి. ఏ ఊరి పొద్దున? డాక్టర్ని అడిగితే, దిగేదాకా హైదరాబాద్ టైమే పాటించండి, దిగాక అక్కడి టైమ్‌కి ఎలా మార్చాలో రాసిస్తాను అన్నారు. ఆ చీటీ చొక్కా జేబులో, మాత్రలు హ్యాండ్ బ్యాగులో. చేతి గడియారం ముల్లు కదపలేదు.

దుబాయ్‌లో మళ్ళీ సెక్యూరిటీ చెకింగ్, చాలా దూరం నడక. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ అడగాలి. మా ఆవిడ మొహమాటపడింది గానీ, అది లేకపోతే ఆ రెండున్నర గంటలు చాలేవి కావు.

తర్వాతి పదహారు గంటలే గట్టి పరీక్ష. కూర్చుంటే పాదాలు వాచిపోతాయి. రెండు గంటలకోసారి లేచి వెనక దాకా నడిచి, నీళ్ళు తాగి వచ్చేవాళ్ళం. ముందు సీటుకున్న తెరమీద మ్యాప్ పెట్టుకున్నాను. అమెరికా పడమర కదా, విమానం ఉత్తరానికి ఎక్కుతూ పోయింది! గ్రీన్‌లాండ్ దగ్గర కిటికీ రేకు కాస్త ఎత్తితే కింద తెల్లగా మెరిసింది. వెనక సీటాయన విసుక్కున్నాడు, దించేశాను. అక్కణ్ణుంచి కెనడా మీదుగా కిందికి.

డాలస్‌లో ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు ఎవరింటికి, ఎన్నాళ్ళు అని అడిగి, వేలిముద్రలు తీసుకుని పంపేశాడు. బయట పొద్దున పదిన్నర దాటింది, నా గడియారంలో రాత్రి తొమ్మిది.

తిరుగు ప్రయాణంలో డాలస్ నుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటలే పట్టింది. పైన పడమర నుంచి తూర్పుకి వీచే గాలి వెనకనుంచి తోస్తుందట. మా డిపోలో రన్నింగ్ టైమ్ రానుపోను ఒకటే వేసేవాళ్ళం.