రంగు లేని కాస్ట్ ఐరన్ ఇంజిన్, దాని మీద తుప్పు: ఇప్పటిదాకా జరిగిన పని

బండి బానే నడుస్తుంది, పొగ లేదు, వింత శబ్దాల్లేవు, కానీ బోనెట్ ఎత్తితే ఇంజిన్ మొత్తం ఇటుక రంగే. పాత నాలుగు సిలిండర్ల ఇంజిన్, బ్లాకు (సిలిండర్లుండే దిమ్మ), హెడ్డు (దాని పైన కూర్చునే భాగం) రెండూ కాస్ట్ ఐరన్, అంటే పోత ఇనుము, ఫ్యాక్టరీ నుంచే రంగు లేకుండా వచ్చింది. ఒకప్పుడు చాలా కంపెనీలు ఇంజిన్లకి రంగేసేవి, షెవర్లే వీ8 అంటే ఆరెంజ్, ఫోర్డ్‌వి 1966 నుంచి నీలం, షెవర్లే మాతృసంస్థ జీఎమ్ వాళ్లు 1977లో తమ నీలానికి మారారు, ఇలా ఎవరి రంగు వాళ్లది. వేయకపోయినా కొంపలేం మునగవు, ఎందుకంటే బ్లాకు గోడలు మందంగా ఉంటాయి, పైపైన పట్టే తుప్పు వాటిని తినేయాలంటే బండి జీవితకాలం సరిపోదు. కాబట్టి బయట బ్లాకు పక్కలకి నేను చేస్తున్నదంతా చూడ్డానికి బాగుండాలనే, ఇంజిన్‌ని కాపాడేస్తున్నా అనే భ్రమ నాకేం లేదు. నిజంగా కాపాడుకోవాల్సిన చోట్లు వేరే ఉన్నాయి, అవి కూడా ఈ పనిలోనే బయటపడ్డాయి.

గీకక ముందు చూడాల్సింది

వైర్ బ్రష్ పట్టుకునే ముందు ఒక మంచి టార్చ్ తీసుకుని తుప్పు ఎక్కడ ఎలా ఉందో చూసుకోండి, ఒకసారి తోమేశాక ఆ ఆనవాళ్లు మళ్లీ దొరకవు. అంతటా ఒకేలా, సన్నగా, వేలితో రాస్తే పొడిలా అంటుకునే తుప్పు అయితే అది గాల్లో తేమ వల్ల వచ్చినదే, దిగులు పడక్కర్లేదు. ఒకే చోట నుంచి కిందకి చారలా కారిన తుప్పు అయితే మాత్రం పైన ఎక్కడో నీళ్లు కారుతున్నాయని అర్థం. హెడ్డు బ్లాకు కలిసే గీత దగ్గర, వాటర్ పంపు కింద, కోర్ ప్లగ్గుల (బ్లాకు పక్కల్లోని గుండ్రటి రంధ్రాల్ని మూసే రేకు మూతలు) చుట్టూ ఇది బాగా తెలుస్తుంది, ఆ చారలో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఎండిపోయిన తెల్లటి పొరో, కూలెంట్ రంగు మరకో ఉంటే ఇక అనుమానం లేదు.

నా దాంట్లో ఎగ్జాస్ట్ వైపు మధ్య కోర్ ప్లగ్గు అలాంటిదే. ప్లగ్గు అంచు మీద ఆవగింజంత ముదురు చుక్క, దాని చుట్టూ కొంచెం లేత రంగు వలయం, కింద అంగుళం పొడవు చార. మిగతా ప్లగ్గులు స్క్రూడ్రైవర్ వెనక భాగంతో తడితే ఖంగుమన్నాయి, ఇది మాత్రం మొద్దుగా మోగింది. రేడియేటర్‌కి ప్రెజర్ టెస్టర్ పెట్టి మూత మీద రాసి ఉన్న ప్రెజర్ దాకా కొట్టి వదిలేస్తే కాసేపటికి ఆ చుక్క లోంచే ఒక బొట్టు ఊరింది. ఈ ప్లగ్గులు సన్నటి స్టీలు రేకు, బ్లాకులా మందం కాదు, లోపలి నుంచి తుప్పు తింటూ వస్తుంది, బయట కనబడేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కలిపే మందులు కాలంతో అరిగిపోతాయి, రంగు బానే ఉంది కదా అని ఏళ్ల తరబడి మార్చకుండా ఉంచేసినా, ఉత్త కుళాయి నీళ్లు పోసి నడిపినా చివరికి జరిగేది ఇదే.

మార్చడం కష్టం కాదు, చెయ్యి దూరితే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ దించేసి, ప్లగ్గు ఒక అంచున మొండి పంచ్ పెట్టి కొడితే అది అడ్డంగా తిరుగుతుంది, ప్లయర్‌తో పట్టుకుని లాగేయడమే. మరీ గట్టిగా కొడితే లోపలికి పడిపోతుంది, తీయడం నరకం. ప్లగ్గు కూర్చునే రంధ్రం అంచుని ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, గుడ్డతో తుడిచి, అంచుకి పల్చగా సీలెంట్ రాసి, ప్లగ్గు లోపలి గిన్నెలోకి సరిగ్గా దిగే సాకెట్ పెట్టి తిన్నగా కొట్టా. కొత్తది ఇత్తడిది వేశా, సైజు దొరికితే మీరూ ఇత్తడే తీసుకోండి, దానికి తుప్పు బాధ ఉండదు.

నాలుగు చదరాల పరీక్ష

రస్ట్ కన్వర్టర్ (తుప్పుని నల్లటి పొరగా మార్చే మందు) వేస్తే చాలని ఒకళ్లు, నూనె రాస్తే చాలని ఒకళ్లు, పెయింట్ తప్ప ఏదీ ఆగదని ఇంకొకళ్లు, ఈ వాదనలు చదివి చదివి విసుగొచ్చి బ్లాకు మీదే చూసేద్దాం అనుకున్నా. ఎగ్జాస్ట్‌కి అవతలి పక్క, అన్నింటికీ దాదాపు ఒకే వేడి తగిలే చోట, అరచేయంత నాలుగు చదరాలు టేపుతో గీసుకున్నా. నాలుగింటికీ జిడ్డు ఒకేలా తీసి, ఒకే వైర్ బ్రష్‌తో ఊడిపోయే తుప్పంతా తీసేశా. ఒకటి అలాగే వదిలేశా. రెండోదానికి పల్చగా ఇంజిన్ ఆయిల్ రాసి తుడిచేశా. మూడోదానికి టానిక్ యాసిడ్ ఉన్న కన్వర్టర్ ఒక్కటే, పైన ఏమీ లేదు. నాలుగోదానికి ఫాస్ఫారిక్ యాసిడ్ రాసి, ఆరాక తుడిచి, పైన కాస్ట్ ఐరన్ బూడిద రంగు ఇంజిన్ ఎనామెల్, అంటే వేడి తట్టుకునే పెయింట్.

ఏమీ వేయనిది తెల్లారేసరికే లేత నారింజ రంగుకి తిరిగింది, ఆ రాత్రి వర్షం పడింది లెండి. ఇందులో ఆశ్చర్యం లేదు, ఇనుముకి తుప్పు పట్టడానికి నీళ్లు కారక్కర్లేదు, గాల్లో తేమ 60 శాతం దాటితే చాలు వేగం పెరుగుతుంది, పైగా చల్లబడిన ఇంజిన్ మీద రాత్రి మంచు పట్టినట్టు తేమ చేరుతుంది. రోజూ దూరం తిరిగే బండి అయితే వేడికి ఆ తేమ ఎగిరిపోతుంది, అందుకే షెడ్డులో పడున్న బండి ఇంజినే ఎక్కువ ఎర్రబడుతుంది.

నూనె రాసిన చదరం చాలా రోజులు బాగుంది, ముదురు బూడిద రంగులో నిజం చెప్పాలంటే నాలుగింటిలో అదే అందంగా కనబడింది. కాకపోతే దుమ్ము పట్టింది, చక్రం నుంచి నీళ్లు చిమ్మే కింది అంచున నూనె కొట్టుకుపోయి మళ్లీ ఎరుపు మొదలైంది. డబ్ల్యూడీ-40 రాస్తే ఇదే పని అవుతుందా అని అడుగుతారు, అది 1953లో నీటిని తరిమేయడానికి తయారైన మందు, తడిగా ఉన్నదాన్ని ఆరబెట్టడానికి బ్రహ్మాండం, కానీ ఎక్కువ కాలం నిలిచే పొర కాదు. లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే మైనం లాంటి జిడ్డు) స్ప్రేలు దానికన్నా చాలా మెరుగు.

కన్వర్టర్ చదరం మొదట్లో అదిరిపోయింది. పాల లాంటి ద్రవం రాస్తుంటే కళ్ల ముందే ఊదా రంగు, తర్వాత నల్లటి నీలం, ఆరాక పూర్తి నలుపు. తుప్పులోని ఇనుము టానిన్‌తో కలిసి ఐరన్ టానేట్ అవుతుంది, పాతకాలం కలం సిరాలో ఉండేది కూడా ఇదే సరుకు. కానీ వర్షాకాలం గడిచేసరికి దాన్ని చీల్చుకుని సూది మొనంత ఎర్ర చుక్కలు బయటికొచ్చాయి. పోత ఉపరితలం నున్నగా ఉండదు కదా, ఇసుక అచ్చు గరుకంతా అలాగే ఉంటుంది, ఆ గుంటల అడుగుదాకా కన్వర్టర్ దిగకపోతే తుప్పు కింద బతికే ఉంటుంది. పైన పెయింట్ వేయకుండా దీన్నే నమ్ముకోవద్దు. ఇంకోటి, దీనికి పని చేయడానికి తుప్పు కావాలి, మెరిసే ఇనుము మీద రాస్తే ఉపయోగం లేదు.

పెయింట్ చదరం గట్టిగా నిలబడింది, ఒక్క మూల తప్ప. సైడ్ కవర్ గాస్కెట్ నుంచి నూనె చెమట పట్టినట్టు ఊరే చోట పెయింట్ బుడగలా లేచింది, గోటితో గిల్లితే పొరలా ఊడొచ్చింది, వెనక చూస్తే తుప్పు లేదు, జిడ్డు ఉంది. ఈ పరీక్ష మొత్తంలో నాకు పనికొచ్చిన విషయం ఇదే. తుప్పు పూర్తిగా పోయిందా లేదా అని అందరం తెగ కంగారు పడతాం, పెయింట్‌ని ఊడగొట్టేది ఎక్కువగా జిడ్డే.

జిడ్డు తీయడం

అందుకే మిగతా ఇంజిన్‌కి ముందు ఆ గాస్కెట్ మార్చి, ఎక్కువ టైమ్ జిడ్డు మీదే పెట్టా. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, ఎయిర్ ఇన్‌టేక్, డిప్‌స్టిక్ గొట్టం, డిస్ట్రిబ్యూటర్, ఆల్టర్నేటర్ అన్నింటినీ ప్లాస్టిక్ కవరు కప్పి టేపు వేయండి. ఇది నీళ్ల కోసమే కాదు, తర్వాత బ్రష్ కొట్టినప్పుడు లేచే ఇనుప పొడి కోసం కూడా, ఆ పొడి ఆల్టర్నేటర్ లోకి పోయినా, ఇన్‌టేక్ లోకి పోయినా ఖర్చు మామూలుగా ఉండదు.

మందంగా గట్టిపడిన జిడ్డుని ముందు చెక్క ముక్కతోనో ప్లాస్టిక్ స్క్రేపర్‌తోనో గీకేసి, కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో మెత్తబరిచి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు నీళ్లు. నీళ్లు పోసిన వెంటనే హీట్ గన్‌తో ఆరబెట్టాలి, లేదంటే మీరు గుడ్డ వెతుక్కునేలోపే కొత్త తుప్పు. వేడి చేయడంలో ఇంకో లాభం, గరుకు గుంటల్లో ఇంకిపోయిన నూనె వేడికి పైకి ఊరుతుంది, శుభ్రంగా ఉందనుకున్న చోట గోధుమ రంగు తడి కనబడుతుంది, దాన్ని ఎసిటోన్‌తో తుడిచి మళ్లీ వేడి చేయండి. తెల్ల గుడ్డ మీద పసుపు మరక రావడం ఆగేదాకా ఇదే పని. నలుపు వస్తూనే ఉంటుంది, దానికి భయపడొద్దు, కాస్ట్ ఐరన్‌లో కార్బన్ సుమారు 2.5 నుంచి 4 శాతం, అందులో ఎక్కువ భాగం గ్రాఫైట్ రేకుల్లా ఉంటుంది, బ్రష్ చేస్తే ఆ గ్రాఫైట్ గుడ్డకి అంటుకుంటుంది. హీట్ గన్, ఎసిటోన్, కిరోసిన్ ఒకే చోట ఉన్నప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, గన్ ఆపి చల్లారాకే ఎసిటోన్ సీసా మూత తీయండి, తలుపులు తెరిచి పెట్టండి.

తుప్పుకి డ్రిల్‌కి పెట్టే చిన్న కప్పు వైర్ బ్రష్, అందని చోట చేతి బ్రష్. ఆ బ్రష్ తీగలు తెగి సూదుల్లా ఎగురుతాయి, కళ్లజోడు లేకుండా ఆన్ చేయొద్దు. ఇంజిన్ నంబరు కొట్టిన చోట అసలు వైర్ బ్రష్ పెట్టొద్దు, అది సాఫీ చేసిన చిన్న మెట్టు, ఒక అంకె చెరిగినా కాగితాల దగ్గర తలనొప్పే, అక్కడ మెత్తటి గుడ్డతో నూనె రాసి తుడిచి పైన టేపు వేశా. ఎర్త్ వైరు బోల్టు కూర్చునే చోటికి కూడా టేపు తప్పనిసరి, ఆ బోల్టు కింద పెయింట్ పడితే స్టార్టర్ తిరగనని మొండికేస్తుంది.

హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడితే క్షణాల్లో పోతుంది అనే సలహా చాలాచోట్ల కనబడుతుంది. పోతుంది నిజమే, దాని ఆవిరికి షెడ్డులో ఉన్న రెంచీలు, బేరింగులు, పక్క బండి అన్నీ తుప్పు పడతాయి. నా షెడ్డులోకి దాన్ని రానివ్వను.

ఊడదీసిన భాగాలు

ఆల్టర్నేటర్ బ్రాకెట్టు, ఇనుప పుల్లీ, ఇంజిన్ మౌంటు బ్రాకెట్లు ఊడొచ్చాయి కాబట్టి వాటిని బకెట్లోకి తోశా. చిన్నవాటికి లీటరు నీళ్లకి 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), మధ్యమధ్యలో తీసి బ్రష్ కొట్టడం, తుప్పు పోగానే తీసేయడం, ఎక్కువసేపు ఉంచితే యాసిడ్ ఇనుముని కూడా తిని పైన నల్లటి మసి మిగులుస్తుంది. బయటికి తీశాక చాకలి సోడా నీళ్లలో ముంచి, కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె.

పెద్ద బ్రాకెట్టుకి కరెంటు పద్ధతి. ప్లాస్టిక్ బకెట్టు, నాలుగు లీటర్లకి ఒక పెద్ద చెంచా చాకలి సోడా, పాత 12 వోల్టుల బ్యాటరీ చార్జరు, నెగటివ్ తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ పనికిరాని మామూలు ఇనుప ముక్కకి. రెండూ తగలకూడదు. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఏంటంటే మంచి ఇనుముని తినదు, మర్చిపోయి వదిలేసినా భాగం చెడిపోదు. కానీ హైడ్రోజన్ వస్తుంది, ఆరుబయటే పెట్టండి, చార్జరు ఆపాకే క్లిప్పులు తీయండి. పాజిటివ్‌కి స్టెయిన్‌లెస్ స్టీలు అస్సలు వాడొద్దు, అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీళ్లలోకి దిగుతుంది. అల్యూమినియం భాగాలు ఈ బకెట్టు దరిదాపుల్లోకి రాకూడదు, సోడా వాటిని తినేస్తుంది, థర్మోస్టాట్ మూత అల్యూమినియమా ఇనుమా అని ముందు ఒక అయస్కాంతం పెట్టి చూసుకోండి.

పెయింట్

ఫాస్ఫారిక్ పల్చగా రాశా, ఎక్కువైతే ఆరాక తెల్లటి పొడి మిగులుతుంది, అది తడి గుడ్డతో తుడిచేయకపోతే పెయింట్ దాని మీద కూర్చుంటుంది, ఇనుము మీద కాదు. తర్వాత 260 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా తట్టుకునే ఇంజిన్ ఎనామెల్, స్ప్రే కాదు, కుంచెతో. ఇంజిన్ బండిలోనే ఉంది, స్ప్రే కొడితే హోసులు, వైర్లు అన్నీ బూడిద రంగే, పైగా గరుకు గుంటల్లోకి రంగుని నెట్టడం కుంచెతోనే కుదురుతుంది. రెండు పల్చటి పూతలు, మధ్యలో ఎంతసేపు ఆగాలో డబ్బా మీద రాసిన ప్రకారం. కుంచె గీతలు కనబడవు, అడుగున పోత గరుకే వాటిని దాచేస్తుంది.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగని బయటికి తీసుకెళ్లే గొట్టం) జోలికి పోలేదు. అక్కడి వేడికి ఈ ఎనామెల్ కాలిపోతుంది, 650 డిగ్రీలు తట్టుకునే రకం వేరే ఉంది, కానీ దాన్ని ఊడదీసి, పూర్తిగా శుభ్రం చేసి వేసి, తర్వాత డబ్బా చెప్పినట్టు దశలవారీగా వేడి చేసి గట్టిపరచాలి. దాన్ని బిగించే స్టడ్లు (తల లేని బోల్టులు) తుప్పుతో కరుచుకుని ఉన్నాయి, రంగు కోసమని వాటిని కదిలించి ఒకటి విరగ్గొట్టుకునే ఓపిక నాకు లేదు, గాస్కెట్ ఎప్పుడో పోయినప్పుడు తప్పదు కాబట్టి అప్పటికి ఉంటుందని పెనెట్రేటింగ్ ఆయిల్ మాత్రం స్టడ్లకి అప్పుడప్పుడూ కొడుతున్నా. వేడి ఇంజిన్ మీద కాదు, పొగలొస్తాయి.

ప్రస్తుతానికి రెండు పక్కలూ, ముందు భాగం అయ్యాయి, పరీక్ష చదరాల్లో నూనెది మాత్రం అలాగే ఉంచా, ఇంకో వర్షాకాలం చూద్దామని. బ్లాకు వెనక భాగం బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ఇంజిన్‌కి కలిసే చోటి తొడుగు) పక్కన చెయ్యి దూరే సందు లేదు, అక్కడ జిడ్డు సరిగ్గా తీయలేం, తీయలేనప్పుడు పెయింట్ దండగ. గేర్‌బాక్స్ దించే పని పడేదాకా ఆ చోటికి లానోలిన్ స్ప్రే సరిపోతుంది, పొడవాటి గొట్టం తగిలించుకుంటే దూరుతుంది.