లేవ్ అంటే అయిపోయిందని

బ్యాంకాక్‌లో నాలుగు రోజులు ఏం చేశానో చెప్పను, అందరూ చేసేదే. అయుత్థయ శిథిలాల గురించీ ఎక్కువ రాయను. 1767లో బర్మా సైన్యం తగలబెట్టిన పాత థాయి రాజధాని అది. వాట్ మహాథాట్‌లో రావిచెట్టు వేళ్ళ మధ్య చిక్కుకున్న బుద్ధుడి తల ముందు అందరిలాగే నేనూ గొంతు కూర్చుని ఫోటో తీయించుకున్నాను. ఆ తలకన్నా మన తల ఎత్తున ఉండకూడదట. ఎండకు మాడు పగిలిపోతుంటే పడవలో పాసక్ నది దాటి స్టేషన్ వైపు చేరాను. చెప్పదలచుకున్నదంతా ఆ తర్వాతి గంటన్నర గురించే.

బయలుదేరే ముందు మూడు వారాలపాటు ఫోనులో థాయి భాష నేర్చుకున్నాను. క్రియలకు కాలం లేదని తెలిసి సంబరపడ్డాను. 'పయ్' అంటే వెళ్ళడం. వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళింది, వెళ్తారు, అన్నిటికీ అదే 'పయ్'. నిన్న అని చెబితే నిన్నటిది, రేపు అంటే రేపటిది. తెలుగు నేర్చుకోబోయి మన క్రియల దగ్గర చేతులెత్తేసిన బెంగాలీ మిత్రుడు గుర్తొచ్చి, పాపం అతను థాయిలాండ్‌లో పుట్టవలసింది అనుకున్నాను.

స్టేషన్ బయట రోటీ సాయ్ మాయ్ అమ్మే ఆవిడ దగ్గర ఆగాను. మన పీచుమిఠాయినే పల్చటి రొట్టెలో చుట్టి ఇస్తారు. ఆవిడకు అరవై ఉండవు. అక్కడ ఆ వయసు వాళ్ళను 'పా' అంటారు, అచ్చంగా మన పెద్దమ్మ. ఒక పొట్లం కొన్నాను. నా నోట నాలుగు థాయి మాటలు వినగానే స్టూలు లాగి కూర్చోమని, "కిన్ ఖావ్ రూ యంగ్?" అంది. అన్నం తిన్నావా, ఇంకా లేదా అని. భోజనమైందా అని మనం అడిగినట్టే, పలకరింపు. తిన్నానండీ అని చెబుతున్నాననుకుని నేను ఉత్సాహంగా "కిన్ ఖావ్ ఖ్రప్" అన్నాను.

ఆవిడ పక్క బండి వైపు తిరిగి ఏదో కేక వేసింది. ఐదు నిమిషాల్లో నా ముందు పళ్ళెం: అన్నం, కోడిమాంసం, పైన వేయించిన గుడ్డు, మధ్య మధ్య నల్లబడ్డ ఆకులు. వాసన చూస్తే తులసి! మా అమ్మ చూస్తే ఏమనేదో. అరవై బాట్లు, మన లెక్కలో నూట నలభై రూపాయలు. బ్యాంకాక్ నుంచి మూడో తరగతిలో పదిహేను బాట్లకు వచ్చినవాణ్ణి, అప్పటికే కడుపు నిండా తిన్నవాణ్ణి, దిగమింగాను.

తప్పు ఎక్కడుందో తింటూ ఉండగా తట్టింది. 'కిన్ లేవ్' అనాలి. జరిగిపోయిందని చెప్పడానికి చివర 'లేవ్' తగిలిస్తారు, మనం 'అయింది' అన్నట్టు. అది లేకపోతే, ఆ పలకరింపుకు నా జవాబు అన్నం పెట్టమన్నట్టే వినిపించిందన్న మాట. మూడు వారాలూ ఆ మాటను పట్టించుకోలేదు. తెలుగు చెవికి అది 'లేవు' లాగా వినిపించడం వల్ల లోపల ఎక్కడో నమ్మకం కుదరలేదేమో.

ఇంతలో ఆవిడ పట్టాల వైపు చూసి "మా లేవ్" అంది. వచ్చేసిందనుకుని సంచి భుజాన వేసుకుని పరుగెత్తాను. రైలు లేదు. చాలా దూరంలో చుక్కలాంటి దీపం కనిపించింది, అదీ గూడ్సు. తిరిగొచ్చి చిరాగ్గా కూర్చున్నాను. నిజానికి చిరాకు పడే హక్కు మనకు లేదు. బస్సు వీధి మలుపులో ఉండగానే "వచ్చేసింది, రండి రండి" అని మనం అరవమా?

ఆవిడే మాట కలిపింది. "పీ హా సీ, నామ్ థువమ్," అని చెయ్యి తన తలకంటే పైకెత్తి చూపింది. పీ అంటే సంవత్సరం, హా సీ అంటే ఐదు నాలుగు, నామ్ అంటే నీళ్ళు. చెయ్యి చూడగానే మిగతాది అర్థమైంది. కానీ యాభై నాలుగో సంవత్సరమేమిటి? 1954కి ఈవిడ పుట్టి ఉండదు. వాళ్ళమ్మ చెప్పిన కథ అనుకున్నాను. అప్పుడు కనిపించింది గోడ మీద కేలండరు: 2567. బౌద్ధ శకం. 543 తీసేస్తే 2554 అంటే 2011. ఆ వరద నాకూ తెలుసు! బాంగ్ పా ఇన్ దగ్గర హార్డ్ డిస్కుల కర్మాగారాలు మునిగిపోతే, ఆ ఏడాది సికింద్రాబాద్‌లో నేను ఒక డిస్కుకు దాదాపు రెట్టింపు ధర పోశాను. ఇన్నేళ్ళూ ఆ వరదంటే నాకు ఆ బిల్లే.

"నామ్ మా, మా..." అంటోంది. నీళ్ళు వచ్చాయో, వస్తున్నాయో, ఆ మాటలో లేదు. నేను నిజంగానే నది వైపు చూశాను.

మరి మీరు వెళ్ళిపోయారా అన్నట్టు "పయ్?" అన్నాను. "మై దాయ్ పయ్." ఇక్కడ మళ్ళీ తికమక. 'పయ్ మై దాయ్' అంటే వెళ్ళలేను, లేదా వెళ్ళలేకపోయాను. అవే మూడు మాటలు తిరగేసి 'మై దాయ్ పయ్' అంటే వెళ్ళలేదు. తిరగేసి అడిగాను. తల అడ్డంగా ఊపి, తను మొదట అన్నదే మళ్ళీ అంది. వెళ్ళే వీలుండీ వెళ్ళలేదన్న మాట. "మే మై పయ్," అంది. అమ్మ వెళ్ళదు.

వెళ్ళనంటోందా, వెళ్ళనందా? ఆ అమ్మ ఇప్పుడు ఉందా? తెలుగులో అయితే 'అంటుంది', 'అనేది' అన్న తేడాలోనే బయటపడేది. నాన్న పోయిన నెలకు ఇంటికొచ్చిన బంధువుకు కాఫీ కలుపుతూ "నాన్న పంచదార వేసుకోరు" అన్నాను. "వేసుకునేవారు కాదు" అని అక్క మెల్లగా సరిదిద్దింది. ఆ రోజు ఆ క్రియ మీద నాకు వచ్చినంత కోపం మనుషుల మీద కూడా రాలేదు.

అడగడానికి నా దగ్గర అన్ని మాటలు లేవు. ఆవిడ పిండి ముద్ద పెనం మీద తాటిస్తూ రొట్టెలు వేసుకుంటోంది.

రైలు నలభై నిమిషాలు ఆలస్యం. ఆవిడ మళ్ళీ "మా లేవ్" అంది. ఈసారి నేను లేవలేదు. తీరా తల తిప్పితే రైలు ప్లాట్‌ఫారం మీదే ఉంది! పడుతూ లేస్తూ చివరి పెట్టె ఎక్కాను. కిటికీ దగ్గర కుదురుకున్నాక గుర్తొచ్చింది, రోటీ పొట్లం ఆవిడ బల్ల మీదే వదిలేశానని.