నికెల్ మీద నికెల్ ఊరికే పట్టదు: పాత రేజరుకు ఇంట్లో ప్లేటింగ్, నా అనుభవం

పూత వెయ్యడం అరగంట పని. అంతకుముందు చెయ్యాల్సినది ఎవరూ సరిగ్గా చెప్పరు. నా పని ఇప్పుడే పూర్తయింది, కోపం ఇంకా చల్లారలేదు. అందుకే వివరాలు మరిచిపోకముందే రాసేస్తున్నాను.

నేను పూత వేసింది ఇంగ్లండులో తయారైన జిలెట్ టెక్ అనే పాత రేజరుకు. 1938లో మొదలైన మోడల్ ఇది. పైన మూత, మధ్యలో పళ్ల ప్లేటు, కింద పిడి, అంతే. అసలు లోహం ఇత్తడి, దాని మీద నికెల్. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇలాంటి మూడు ముక్కల సెట్టే తీసుకోండి. పిడి అడుగు తిప్పితే తలుపులు తెరుచుకునే సూపర్ స్పీడ్, ఫ్యాట్‌బాయ్, స్లిమ్ లాంటివాటి జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. వాటి కడుపులోకి యాసిడ్ దూరితే కడిగి బయటికి తియ్యడం మీ వల్ల కాదు. లోపలి భాగాలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి.

లోహమేదో తేల్చుకోవడానికి పిడి లోపలి అంచున ఆకురాయితో ఒక్క గీత గీయండి. పసుపు కనిపిస్తే ఇత్తడి. బూడిద రంగులో ఉండి చేతికి బరువుగా తగిలితే జింక్ పోత, తేలిగ్గా ఉంటే అల్యూమినియం. ఈ రెండూ ఇంట్లో కుదరవు. జింక్ పోతకు ముందు సైనైడ్ రాగి పూత వేస్తారు, అల్యూమినియానికి జింకేట్ ముంచుడు (జింక్ ద్రావణంలో ముంచి పలచని జింక్ పొర పట్టించడం) కావాలి. సైనైడ్ మాట వినబడ్డ చోట ఇంటి ప్రయోగాలు ఆపెయ్యాలి. పాత పూత నీలం ఛాయలో మెరుస్తుంటే అది క్రోమ్. నికెల్‌ది కాస్త పసుపు ఛాయ ఉన్న తెలుపు. క్రోమ్ ఉంటే ముందు అది పూర్తిగా పోవాలి, దాని మీద నికెల్ అసలు నిలవదు. నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో క్రోమ్ బుడగలు కక్కుతూ కరుగుతుంది. బుడగలు ఆగిన వెంటనే బయటికి తీసెయ్యాలి. ఇత్తడిని ఎక్కువసేపు ఉంచితే జింక్ కరిగిపోయి పైన ఎర్రటి రాగి తేలుతుంది.

కడగడం గురించి చెప్పేదేం లేదు: వేడినీళ్లు, గిన్నెల సబ్బు, పాత టూత్ బ్రష్, సున్నం పేరుకున్న చోట కాసేపు వెనిగర్.

పాలిష్ మాత్రం చేత్తోనే చెయ్యండి. ప్లేటింగ్ షాపులో "బఫ్ కొట్టిస్తే అద్దంలా ఉంటుంది సార్" అంటారు. ఉంటుంది, కానీ పిడి మీది గరుకు గళ్లు అరిగిపోతాయి, జిలెట్ గుర్తు చెరిగిపోతుంది, ప్లేటు పళ్ల అంచులు గుండ్రబడతాయి. బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు. అంత సన్నటి దాన్ని పట్టి ఉంచే అంచును మోటారు చక్రానికి అప్పగిస్తే రేజరు గీసే తీరే మారిపోతుంది. 1000, ఆపైన 2000 నంబరు నీటి కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) చాలు. బ్లేడు ఆనే చోటును మాత్రం అసలు ముట్టుకోవద్దు.

ఇక సరుకు. యాసిడ్ కొనడానికి గుర్తింపు కార్డు చూపించి రిజిస్టరులో పేరు, కారణం రాయాలి. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత వచ్చిన పద్ధతి. విసుక్కోకండి, ఎందుకు వచ్చిందో అందరికీ తెలుసు. అడగకుండా సీసా చేతికిచ్చే కొట్టు దగ్గరే అసలు కొనకూడదు.

నికెల్ స్నానానికి, అంటే ముక్కను ముంచి పూత వేసే ద్రావణానికి, మామూలుగా వాడే వాట్స్ ద్రావణమే వాడాను. లీటరు నీటికి నికెల్ సల్ఫేట్ 250 గ్రాములు, నికెల్ క్లోరైడ్ 45, బోరిక్ యాసిడ్ 35. పీహెచ్ 4 దగ్గర, వేడి 50 డిగ్రీలు. బోరిక్ పొడి క్యారమ్ బోర్డుకు చల్లేదే కదా అని ఆ డబ్బా తేవద్దు, అందులో ఇంకేం కలుపుతారో డబ్బా మీద ఉండదు. మెరుపు కోసం సాకరిన్ లీటరుకు 1 గ్రాము సరిపోతుంది. తీపి మాత్రలు పొడిచేసి వేసేవాళ్లున్నారు, ఆ మాత్రల్లో సగానికి పైగా వేరే సరుకే. నీళ్లు మాత్రం బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. మన బోరు నీళ్లలోని కాల్షియం ఈ ద్రావణంలోని సల్ఫేట్‌తో కలిసి సన్నటి రవ్వలు కడుతుంది. పూత మీద ఇసుక చల్లినట్టు గరుగ్గా వస్తే కారణం అదే. పాత్రగా పచ్చడి జాడీ బాగా పనికొస్తుంది. దాన్ని వేడినీళ్ల గిన్నెలో కూర్చోబెడితే వేడి నిలుస్తుంది. ఆ జాడీలో మళ్లీ ఆవకాయ పెట్టకూడదని వేరే చెప్పాలా.

ఆనోడ్ (పాజిటివ్ వైపు వేలాడదీసే నికెల్ ముక్క) దగ్గర నాకొక మోసం జరిగింది. బ్యాటరీ సెల్స్ అతికించే "ప్యూర్ నికెల్" పట్టీ ఒకాయన అమ్మాడు. గీకి ఉప్పునీళ్లలో రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి ఎర్ర తుప్పు. లోపల ఇనుము, పైన మాత్రం నికెల్ మెరుపు. స్నానంలో వెయ్యకముందే పరీక్షించాను కాబట్టి ద్రావణం బతికింది. వెనక్కిస్తే "అందరికీ ఇదే ఇస్తాం" అన్నాడు. అందరినీ ముంచుతున్నాడన్నమాట. స్టీలు చెంచాలు ఆనోడ్‌గా వాడమనే సలహా ఇంకా ఘోరం, వాటిలోని క్రోమియం విషపు రూపంలో ద్రావణంలోకి దిగుతుంది. 1947 నాటి రూపాయి అచ్చమైన నికెల్ అన్నమాట నిజమే, కానీ ఒక పాత వస్తువు కోసం ఇంకో పాత వస్తువును కరిగించడం నాకు నచ్చదు. ప్లేటింగ్ సరుకు కొట్లో అసలైన నికెల్ ముక్క తూకానికి దొరుకుతుంది. దాన్ని ఉతికిన నూలు గుడ్డలో కట్టి వేలాడదీయండి, మడ్డి బయటికి రాదు.

ఇంతవరకూ అన్నీ సాఫీగానే సాగాయి. మూతకు పూత వేశాను. తళతళలాడింది. సెల్లో టేపు గట్టిగా అంటించి లాగితే పొర మొత్తం ఉల్లిపొరలా లేచి టేపుతో వచ్చేసింది.

సరుకు కొన్న కొట్టుకే వెళ్లి అడిగాను. ఆ యజమాని మూతను అటూ ఇటూ తిప్పి, పనిచేసే కుర్రాళ్లందరి ముందూ, "ఇంట్లో కూర్చుని కళాయి పెట్టుకోవడానికి ఇదేమన్నా అన్నం గిన్నెనా సార్? మీ ఇత్తడే నాసిరకం" అని నవ్వాడు. కుర్రాళ్లూ నవ్వారు. ఇత్తడిలో లోపమేమీ లేదు. లోపమెక్కడుందో ఆ మూతే చెప్పింది, చూసే ఓపిక ఉండాలి.

లేచిన పొరను భూతద్దం కింద పెడితే సంగతి తెలిసింది. పాత నికెల్ అరిగి ఇత్తడి బయటపడ్డ చోట కొత్త పూత గట్టిగా పట్టుకునే ఉంది. పాత నికెల్ మిగిలిన చోట మాత్రమే ఊడింది, అదీ సరిగ్గా ఆ హద్దుల వెంబడే. కింద తెల్లటి నికెల్, ఊడిన పొర వెనక కూడా తెల్లటి నికెల్. అంటే జిడ్డు కాదు. జిడ్డే అయితే ఇత్తడి మీద కూడా ఊడేది, కింద పసుపు కనిపించేది. ఊడిన పొర చిత్రిక పట్టిన చెక్కపేడులా చుట్టుకుపోతే అది మెరుపు మందు ఎక్కువై పొరలో బిగువు పుట్టడం వల్ల. నాది చుట్టుకోలేదు, చదునుగా లేచింది.

నికెల్‌కు గాలి తగిలితే కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దశాబ్దాలపాటు డబ్బాలో పడి ఉన్నదాని మీద అది ఎంత గట్టిపడి ఉంటుందో ఊహించుకోండి. ఇత్తడిని శుభ్రం చేసే పలచని సల్ఫ్యూరిక్ ముంచుడుకు అది చెక్కుచెదరదు. కొత్త నికెల్ దాని మీద కూర్చుంటుందే తప్ప అతుక్కోదు.

దారులు రెండు. ఒకటి, పాత నికెల్‌ను కరెంటు తిరగేసి సల్ఫ్యూరిక్‌లో పూర్తిగా తీసెయ్యడం. అలా చేస్తే కింది ఇత్తడి కూడా తినేసుకుపోయి జిలెట్ గుర్తు మసకబారుతుంది. నేను రెండోదే ఎంచుకున్నాను: వుడ్స్ స్ట్రైక్, అంటే అసలు పూతకు ముందు బాగా యాసిడ్ ఉన్న ద్రావణంలో వేసే పలచని అంటు పొర. లీటరుకు నికెల్ క్లోరైడ్ 240 గ్రాములు, గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ 120 మిల్లీలీటర్లు. అర లీటరు చేసుకుంటే చాలు. నీళ్లలో యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. బాత్రూమ్ కడిగే పసుపుపచ్చటి యాసిడ్ వాడొద్దు, దాని పసుపు ఇనుము వల్లే. ల్యాబ్ రకం రంగులేనిది తీసుకోండి. ఈ ద్రావణంలో పూత కట్టేది తక్కువే. యాసిడ్, కాథోడ్ (నెగెటివ్ వైపున్న రేజరు ముక్క) దగ్గర పుట్టే హైడ్రోజన్ కలిసి ఆక్సైడ్‌ను చింపేస్తాయి, ఆ వెనకే పలచని నికెల్ పొర పడుతుంది. బాల్కనీలో, కళ్లద్దాలు, చేతొడుగులతో చెయ్యండి, ఆవిరి ముక్కును కాల్చేస్తుంది. గ్రాఫైట్ ఆనోడ్ పెట్టొద్దు, క్లోరిన్ వస్తుంది. నికెల్ ఆనోడే ఉండాలి.

వరస ఇది. లీటరుకు 50 గ్రాముల వాషింగ్ సోడా వేసిన వేడినీళ్లలో, ఇనుప రేకు ఆనోడ్‌గా, రేజరు ముక్క నెగెటివ్ వైపు, 5 వోల్టులతో ఒక నిమిషం. కడిగి పైకెత్తితే నీటి పొర ఎక్కడా తెగకూడదు. బొట్లుగా విడిపోతే జిడ్డుంది, మళ్లీ చెయ్యాలి. ఆ తర్వాత 10 శాతం సల్ఫ్యూరిక్‌లో కొన్ని సెకన్లు. తర్వాత వుడ్స్‌లో 2 నిమిషాలు, చదరపు డెసీమీటరుకు (100 చదరపు సెంటీమీటర్లకు) 5 ఆంపియర్ల లెక్కన. గబగబా కడిగి, ఆరనివ్వకుండా నేరుగా వాట్స్‌లోకి. అక్కడ లెక్క 3 ఆంపియర్లు. మూత రెండు వైపులా కలిపి సుమారు 22 చదరపు సెంటీమీటర్లు, అంటే 0.66 ఆంపియర్లు. పిడికి దాదాపు 0.9. ఇరవై నిమిషాలకు 12 మైక్రాన్ల పూత పడుతుంది, గడ్డం గీసుకునే సెట్టుకు అది ధారాళం. ఎక్కువ కరెంటు ఇస్తే పళ్ల కొనలు నల్లగా మాడతాయి. మొబైల్ చార్జరుతో ఈ అదుపు రాదు, ఆంపియర్లు పట్టి ఉంచే పవర్ సప్లై కావాలి.

తీగలు ముందే కలిపి, కరెంటు పారుతుండగానే ముక్కను ముంచాలి. మధ్యలో ఎలా వస్తుందో చూద్దామని పైకి తీశారో, అప్పటిదాకా పడ్డ పొర మీద మళ్లీ ఆక్సైడ్ కడుతుంది, ఆపైన పడేది రెండో అట్టలా వేరవుతుంది. కరెంటు పోయినా అదే గతి. పవర్ సప్లైని ఇన్వర్టరుకు తగిలించండి. కరెంటు పోయిందా, మళ్లీ వుడ్స్ నుంచి మొదలుపెట్టాల్సిందే.

మూతను ఇలా చేశాక టేపుతో ఎంత లాగినా కదల్లేదు. మరుగుతున్న నీళ్లలో అరగంట ఉంచి చన్నీళ్లలో పడేశాను, ఒక్క బొబ్బ రాలేదు. ఆ కొట్టుకు తీసుకెళ్లి కౌంటరు మీద పెట్టాను. యజమాని గోటితో గీకి చూశాడు, ఏమీ అనలేదు. కుర్రాడొకడు మాత్రం వెనకాలే వచ్చి వుడ్స్ పాళ్లు రాసిమ్మన్నాడు. రాసిచ్చాను.

పిడి విషయంలో రెండు జాగ్రత్తలు. మరకు (స్క్రూ చుట్లకు) పూత పడితే బిగుసుకుపోతుంది. 10 మైక్రాన్ల పూత మర వ్యాసాన్ని 40 మైక్రాన్లు పెంచుతుంది, ఎందుకంటే మర ఏటవాలు రెండు పక్కలా పొర చేరుతుంది. మూత కింది మరకు గోళ్ల రంగు రెండు పూతలు వెయ్యండి, చివర్లో అసిటోన్‌తో పోతుంది. పిడి బోలుగా ఉంటుంది, దాని రంధ్రాన్ని మైనంతో మూసెయ్యండి. లేకపోతే లోపల దాక్కున్న ద్రావణం వారం తర్వాత ఆకుపచ్చగా ఊరి బయటికొస్తుంది.

నికెల్ పడని ఒళ్లు కొందరికి ఉంటుంది. గడియారం బకిల్, గిల్టు కమ్మలు పెట్టుకుంటే దురద పుట్టేవాళ్లు ఈ రేజరు వాడొద్దు.

వాడేసిన ద్రావణం, కడిగిన నీళ్లు తూములో పొయ్యకండి. వాషింగ్ సోడా కొద్దికొద్దిగా వేస్తే పొంగి, లేత ఆకుపచ్చ మడ్డి అడుక్కు దిగుతుంది. వుడ్స్‌లో మరీ నెమ్మదిగా వెయ్యాలి. పొంగు ఆగాక ఇంకా వేసి పీహెచ్ 9 దాటించి, ఒక రోజు కదపకుండా ఉంచి, మడ్డిని వడకట్టి, ఆరాక సీసాలో పోసి చీటీ అంటించండి. ప్రమాదకర వ్యర్థాలు పంపించే ఏర్పాటున్న ప్లేటింగ్ యూనిట్ ఏదైనా తీసుకుంటుంది. తీసుకోనంటే వాళ్ల మడ్డి ఎక్కడికి పోతోందో ఒకసారి అడగండి.