సీటు కింద ఇంజిన్: ఈకో, ఓమ్ని వ్యాన్లకి తరచూ వచ్చే రిపేర్లు

మారుతి ఓమ్ని వ్యాను తయారీ 2019లో ఆగిపోయింది. అది చేసే పనంతా 2010లో వచ్చిన ఈకో నెత్తిన పడింది. కూరగాయల లోడు, కొరియర్ పెట్టెలు, బడి పిల్లలు, అంబులెన్సు, ఏ పనికి వాడినా రెండు బండ్ల అమరిక ఒకటే: ఇంజిన్ ముందు సీట్ల కింద, అక్కణ్ణుంచి పొడుగాటి షాఫ్టు, చివర వెనక చక్రాల్ని తిప్పే గేర్లుండే హౌసింగ్. ఓమ్నిలో 796 సీసీ, మూడు సిలిండర్లు. ఈకోలో 1.2 లీటర్లు, నాలుగు సిలిండర్లు. ఇంజిన్ చూడాలంటే సీటు ఎత్తాలి. రోజంతా లోడు వేసుకు తిరిగే డ్రైవరు పనిగట్టుకుని సీటు ఎత్తడు. అందుకే కూలెంట్ కారుతున్నా, బెల్టు చీలుతున్నా, ఎర్త్ వైరు తుప్పు పట్టినా బండి రోడ్డు మీద ఆగే దాకా తెలీదు. ఈ బండ్ల జబ్బుల్లో చాలావాటికి మూలం వేడి, లేకపోతే ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగెళ్ళే దారి. పార్టు మార్చే ముందు ఆ రెండూ కొలవాలి.

సెల్ఫ్ సంగతి

తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడొచ్చి ఊరుకుంటుంది. వెంటనే కొత్త బ్యాటరీ వేయించేస్తారు. వారం తిరక్కుండా మళ్ళీ అదే టక్. మల్టీమీటర్ ఉంటే ఇది ఐదు నిమిషాల్లో తేలే విషయం. రాత్రంతా నిలిపిన బండిలో, ఏ స్విచ్చూ వెయ్యకుండా, బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మధ్య 12.6 వోల్టులుంటే ఛార్జి నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువుంటే ముందు బయట ఛార్జి పెట్టించి ఆ తర్వాతే మిగతా పరీక్షలు చెయ్యాలి, లేకపోతే వచ్చే లెక్కలన్నీ తప్పే. ఇప్పుడు ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు మీటర్ చూడాలి. ఆ క్షణంలో 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీలో సత్తువ లేదు, లేదా సెల్ఫ్ మోటారు లోపల పట్టేసి ఎక్కువ కరెంటు లాగుతోంది. పన్నెండు దగ్గరే కదలకుండా ఉండి మోటారు తిరక్కపోతే బ్యాటరీ తప్పు లేదు, కరెంటు మోటారు దాకా చేరట్లేదు.

ఎక్కువమంది మెకానిక్కులు వదిలేసేది ఇక్కణ్ణుంచే. మీటర్ నల్ల మొన బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద (క్లిప్పు మీద కాదు, సీసం బుడిపె మీదే), ఎర్ర మొన ఇంజిన్ బ్లాకు మీద తుప్పు లేని చోట పెట్టి సెల్ఫ్ కొట్టండి. 0.2 వోల్టు లోపు చూపాలి. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తే ఎర్త్ పట్టీ పోయింది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పారదు. బాడీకీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న ఆ అల్లిక పట్టీయే దానికి దారి. అది తెగితే సెల్ఫ్ లాగే వంద ఆంపియర్ల పైచిలుకు కరెంటు క్లచ్ కేబులు లోంచో యాక్సిలరేటర్ కేబులు లోంచో దారి వెతుక్కుంటుంది. కేబులు వేడెక్కి లోపలి ప్లాస్టిక్ కరిగి గట్టిగా పట్టేస్తుంది. సెల్ఫ్ బరువుగా తిరుగుతూ, అదే సమయంలో కేబులు కూడా బిగుసుకుంటే కేబులు ఒక్కటే మార్చి ఊరుకోకండి.

పట్టీ బోల్టు విప్పి, రెండు వైపులా ఇనుము మెరిసే దాకా గీకి, బిగించాక పైన కాస్త గ్రీజు పూయాలి. ముందే గ్రీజు పూసి బిగిస్తే మధ్యలో పొర మిగులుతుంది. అదే పరీక్ష పాజిటివ్ వైపు కూడా చెయ్యండి: బ్యాటరీ పాజిటివ్ బుడిపె నుంచి సెల్ఫ్ లావు బోల్టుకి అర వోల్టు దాటకూడదు. రెండూ బాగున్నాయంటే సోలెనాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్చు) దగ్గర సన్నటి సిగ్నల్ వైరు చూడాలి. తాళం తిప్పినప్పుడు అక్కడ బ్యాటరీకి దగ్గరగా వోల్టేజీ వస్తూ టక్ అని మాత్రమే అంటే సోలెనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయాయి, లేదా కార్బన్ బ్రష్షులు అరిగాయి. సిగ్నలే సరిగా రాకపోతే ఇగ్నిషన్ స్విచ్చు, రిలే వైపు వెళ్ళాలి.

ఛార్జింగు లెక్క ఇంకా సులువు. ఇంజిన్ కాస్త రేసులో ఉంచి, హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి బ్యాటరీ మీద కొలిస్తే 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 13కి దిగితే ముందు బెల్టు జారుతోందేమో చూసి, తర్వాత ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జి చేసే జనరేటరు) బ్రష్షులు. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే. బల్బులు వరసగా మాడిపోవడం, బ్యాటరీ నీళ్ళు తరచూ తగ్గడం దానికి గుర్తులు. అదే చోట మీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి చూడండి. అర వోల్టు దాటి చూపిస్తే ఆల్టర్నేటర్ డయోడ్ మీద అనుమానం పెట్టుకోవాలి. అలాంటి డయోడ్ పగలు ఛార్జి చేస్తూనే రాత్రి కరెంటు వెనక్కి లాగేస్తుంది.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే నెగెటివ్ క్లిప్పు తీసి, మీటర్‌ని 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి వరసలో కలపాలి. తలుపులు మూసి అరగంట ఆగాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే ఫరవాలేదు. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ ఏది పీకితే పడిపోతుందో చూడాలి. మీటర్ అలా కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టారో, మీటర్ ఫ్యూజు గోవిందా. అద్దెకి తిరిగే బండ్లలో దొంగ ఎక్కువగా తర్వాత బిగించిన జీపీఎస్ ట్రాకరో, పాటల సిస్టమో అవుతుంది. ఫ్యూజు లేకుండా ఏదో వైరు గీకి చుట్టేసిన కనెక్షన్లు నిప్పుకి కూడా దారి తీస్తాయి.

వేడి

సీటు కింద వేడి తగలడం ఈ బండ్లకి మామూలే కాబట్టి నిజంగా హీట్ ఎక్కినప్పుడు డ్రైవరు పట్టించుకోడు. దాని మీద ఇంకో మోసం ఉంది. టెంపరేచర్ సెన్సారు కొలిచేది కూలెంట్ వేడిని. కూలెంట్ పూర్తిగా కారిపోతే సెన్సారు గాల్లో ఉంటుంది, గేజు గానీ దీపం గానీ సరిగా చూపించవు. ముల్లు కిందే ఉందనుకుని ఇంకో పది కిలోమీటర్లు లాగితే హెడ్డు వంగిపోతుంది. మామూలుగా మధ్యలో ఉండే ముల్లు ఉన్నట్టుండి కిందికి పడితే అది మంచి కబురు కాదు, ఆపి చూడాలి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు. మూత లోపల 0.9 బార్ దాకా ఒత్తిడి ఉంచుతుంది, అందుకే నీరు 118 డిగ్రీల దాకా మరగదు. మూత తీసిన మరుక్షణం ఆ నీరంతా ఒక్కసారి మరిగి ముఖాన పడుతుంది.

అదే కారణం చేత మూత కూడా ఒక పార్టే. దాని రబ్బరు గట్టిపడితే ఒత్తిడి నిలవదు, కూలెంట్ బాటిల్లోకి పొంగి పోతుంది, చల్లారాక వెనక్కి రాదు. హీటింగు రిపేరు మూత నుంచి మొదలుపెట్టడం మేలు. తర్వాత హోస్ పైపుల క్లిప్పులు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం. ఆ రంధ్రం చుట్టూ ఎండిన కూలెంట్ మరకుంటే లోపలి సీలు పోయింది, ఆ రంధ్రాన్ని ఎమ్‌సీల్ పెట్టి మూసేయడం వైద్యం కాదు.

దుమ్ము రోడ్ల మీద తిరిగే ఏసీ బండ్లలో కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య చెత్త పేరుకుంటుంది. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనపడుతుంది. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్ళు కొట్టాలి. ప్రెషర్ వాష్ గన్ దగ్గరగా పెడితే సన్నటి రేకులు వంగి గాలి దారే మూసుకుపోతుంది. రోడ్డు మీద పరుగులో బాగుండి ట్రాఫిక్‌లో మాత్రం హీట్ ఎక్కితే ఫ్యానుని అనుమానించాలి. పరుగులోనే, ఎత్తు ఎక్కేటప్పుడే హీట్ ఎక్కితే నీటి ప్రవాహం తక్కువైంది: థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు), పంపు, పూడిన రేడియేటర్.

థర్మోస్టాట్ పీకి పారేయడం మన దగ్గర పెద్ద వైద్యంగా చెలామణీ అవుతోంది. పీకితే ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, ఇంజిన్ చల్లగా ఉందనుకుని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్ పాడవుతుంది. కొత్తది వెయ్యడమే సరి.

కూలెంట్ నింపడంలోనే సగం మంది తప్పుతారు. ముందు నుంచి సీటు కింద దాకా అడ్డంగా సాగే పైపుల్లో గాలి ఇరుక్కుంటుంది. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా ఏటవాలు మీద నిలపాలి. హీటరు ఉంటే ఫుల్ హాట్‌లో పెట్టి, మూత తీసి, చల్లటి ఇంజిన్‌లో మెల్లగా పోసి, ఐడ్లింగులో ఉంచాలి. పై హోస్ వేడెక్కి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగే దాకా బుడగలు పోతూ ఉంటాయి, తగ్గినంతా పోస్తూ ఉండాలి. బుడగలు ఎంతకీ ఆగకపోతే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే హోస్ రాయిలా గట్టిపడితే, అది గాలి కాదు, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్డుకీ బ్లాకుకీ మధ్య సీలు) దాటి వస్తున్న పొగ. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం. బోరు నీళ్ళు పోస్తే రేడియేటర్ లోపల సున్నం పొర కడుతుంది.

సీఎన్‌జీ బండి అయితే

రెడ్యూసర్ అనే భాగం సిలిండర్‌లోని 200 బార్ గ్యాసుని కొద్ది బార్లకి దించుతుంది. ఒత్తిడి పడితే గ్యాసు చల్లబడుతుంది, అందుకని రెడ్యూసర్‌ని వెచ్చగా ఉంచడానికి ఇంజిన్ కూలెంటే దాని గుండా పారుతుంది. పెట్రోలు మీద శుభ్రంగా నడిచే బండి గ్యాసు మీద కాసేపటికి ఆగిపోతూ, రెడ్యూసర్ మీద మంచు పేరుకుంటుంటే ముందు కూలెంట్ లెవెలూ గాలి బుడగలూ చూడండి. గ్యాసు కిట్ విప్పే పని పడకపోవచ్చు.

గ్యాసు మీద, లోడు మీద మాత్రమే మిస్సింగ్ కొడితే ప్లగ్గులు. సీఎన్‌జీ మంట అంటుకోడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, అరిగి గ్యాప్ పెరిగిన ప్లగ్గు పెట్రోలు మీద లాక్కొస్తుంది గానీ గ్యాసు మీద చేతులెత్తేస్తుంది. చాలా కిట్లలో 0.7 నుంచి 0.8 మి.మీ. గ్యాప్ పెడతారు, మీ బండి మాన్యువల్ ఏం చెబితే అదే ఖాయం. వాల్వుల సంగతి ఇంతకంటే ముఖ్యం. పొడి గ్యాసుకి ఎగ్జాస్ట్ వాల్వు సీటు మెల్లమెల్లగా అరిగి, వాల్వు లోపలికి దిగి, వాల్వుకీ దాన్ని నొక్కే టప్పెట్‌కీ మధ్య ఉండాల్సిన సందు (క్లియరెన్సు) తగ్గిపోతుంది. టప్పెట్ చప్పుడు రావట్లేదని సంతోషిస్తాం గానీ క్లియరెన్సు సున్నా అయితే వాల్వు పూర్తిగా మూసుకోదు, దాని అంచు కాలిపోతుంది. పొద్దున స్టార్టింగు కష్టమవడం, ఐడ్లింగులో ఊగడం మొదటి గుర్తులు. చల్లటి ఇంజిన్‌లో ఫీలర్ గేజుతో కొలిపించాలి, కంప్రెషన్ కూడా చూపించాలి. ఒక సిలిండర్‌కీ మరోదానికీ తేడా ఒక బార్ దాటకూడదు. సిలిండర్ టెస్టింగు మూడేళ్ళకోసారి తప్పనిసరి, ఆ తేదీ సిలిండర్ మీదే గుద్ది ఉంటుంది. ట్యాంకులో పెట్రోలు కనీసం పావు వంతు ఉంచి, రోజూ కొన్ని కిలోమీటర్లు పెట్రోలు మీద నడిపితే పంపూ ఇంజెక్టర్లూ పట్టేయవు.

క్లచ్ నుంచి వెనక హౌసింగ్ దాకా

క్లచ్ ప్లేట్ అయిపోయిందో లేదో తెలియాలంటే చదును నేల మీద హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, నాలుగో గేరు వేసి, మెల్లగా పెడల్ వదలాలి. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా రేసు అవుతుంటే ప్లేట్ జారుతోంది. అయితే ముందు కేబులు ఫ్రీ ప్లే (పెడల్ పట్టే ముందు ఉండే వదులు) చూడండి. అసలు లేకుండా బిగించేసి ఉంటే బాగున్న ప్లేట్ కూడా జారుతుంది. పెడల్ తొక్కితే వచ్చే గరగర రిలీజ్ బేరింగుది. తొక్కితే ఆగిపోయే గరగర గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగుది.

కదిలేటప్పుడు, గేరు మార్చినప్పుడు కింద 'ఠంగ్' మంటే షాఫ్టు జాయింట్ క్రాసులు. చక్రాలకి అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, షాఫ్టుని చేత్తో అటూ ఇటూ తిప్పితే క్రాసులో లూజు కంటికే కనపడుతుంది. విప్పే ముందు ఫ్లేంజ్ మీద రెండు వైపులా సున్నంతో గీత పెట్టుకోండి, అదే వరసలో బిగించకపోతే వైబ్రేషన్ వస్తుంది. హౌసింగ్‌లో జీఎల్-5 రకం గేరాయిల్ పొయ్యాలి. గేర్‌బాక్సులో అదే పోస్తే అందులోని గంధకపు రసాయనాలు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి, అక్కడ జీఎల్-4 వాడాలి.

వెనక బ్రేకు ఒక వైపు పట్టకపోతే డ్రమ్ము విప్పి లైనర్ తడిగా ఉందేమో చూడాలి. తడి చేతికి జిగటగా తగిలి గేరాయిల్ వాసనేస్తే యాక్సిల్ సీలు, పల్చగా ఉండి పెయింటుని తినేస్తుంటే అది బ్రేక్ ఆయిల్, వీల్ సిలిండర్. సీలు మార్చిన ప్రతిసారీ హౌసింగ్ పైన ఉండే బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) మూత తిప్పి చూడండి. మట్టితో మూసుకుపోతే లోపల వేడెక్కిన గాలి సీలుని దాటి ఆయిల్‌ని తోసేస్తుంది, ఎన్ని సీళ్ళు వేసినా నెల తిరక్కుండా కారతాయి. ఆయిల్ పీల్చిన లైనర్లని పెట్రోలుతో కడిగి వాడొద్దు. రెండు వైపులా కొత్తవే వెయ్యాలి.

లైట్లు

హెడ్‌లైటు పసుప్పచ్చగా వెలిగితే బల్బు వెనక వోల్టేజీ కొలవండి. బ్యాటరీ కంటే ఒక వోల్టు తక్కువున్నా వెలుగు బాగా పడిపోతుంది. తప్పు ఎర్త్‌దో స్విచ్చుదో అయి ఉంటుంది. 60/55 వాట్ల హెచ్4 బల్బు తీసి 100/90 వేస్తే కరెంటు ఒక్కో బల్బుకి 5 ఆంపియర్ల నుంచి 8 దాటుతుంది, హోల్డరు కరుగుతుంది.

టెయిల్ ఫ్యూజు ఊరికే పోతుంటే డిక్కీ తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టం లాగి చూడండి. రోజుకి వందసార్లు ఎత్తి దించే తలుపు కాబట్టి అక్కడ వైర్లు లోపల తెగి బాడీకి తగులుతాయి. తెగిన చోటే ముడి వేస్తే పొట్టిదై మళ్ళీ తెగుతుంది. రెండు వైపులా ఓ జానెడు వదిలి, మెత్తటి సన్న తీగల వైరుతో కొత్త ముక్క వేసి, అతుకులు రబ్బరు గొట్టానికి బయట పడేలా చూసుకోవాలి. తలుపు పూర్తిగా ఎత్తి, వైరు లాగుడు పడట్లేదని చూశాకే టేపు చుట్టండి.