మా పాప బడికి ర్యాంపు కట్టించుకున్న అనుభవం

మా పాపకి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులోని లోపం వల్ల కదలికలు అదుపులో ఉండవు. ఐదో తరగతి దాకా మా వీధి బడిలో ఒకటే మెట్టు కాబట్టి నెట్టుకొచ్చాం. ఆరుకి హైస్కూల్లో చేర్పించాం. ర్యాంపు ఉందన్నారు, ఉంది కూడా, కానీ రెండడుగుల ఎత్తున్న వరండా ఎక్కడానికి ఆరడుగుల పొడవునే కట్టారు. మొదటి రోజు పాప చక్రాల కుర్చీ తోస్తుంటే సగంలో వెనక్కి జారింది, నా ఒళ్ళంతా అడ్డం పెట్టి ఆపాను. "రోజూ మీరే వచ్చి ఎత్తి కూర్చోబెట్టండమ్మా" అన్నారు హెడ్మాస్టరు గారు. అలాగే చేశాను. కానీ మధ్యలో బాత్రూమ్‌కి దింపేవాళ్ళు ఉండరని పాప పొద్దున్నుంచి నీళ్ళే తాగడం లేదని తెలిశాక ఇక ఊరుకోలేకపోయాను.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఐఈఆర్టీ మేడంకి, అంటే ఆ పిల్లల్ని చూసుకునే ప్రత్యేక టీచరుకి చెప్పాను. అడుగు ఎత్తుకి కనీసం పన్నెండడుగుల పొడవు ఉండాలట, పట్టుకోవడానికి పక్కన పైపులు ఉండాలట. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం బడి భవనం ఈ పిల్లలకి అనువుగా ఉండి తీరాలని, అర్జీలో అదే రాయమని ఆవిడే చెప్పింది. టేపుతో కొలిచి, ఫొటోలూ వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్టూ జతచేసి, బడిలో ఒకటి, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఒకటి ఇచ్చాను. నా కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. మీరూ తప్పకుండా వేయించుకోండి, ఎందుకంటే నెల తర్వాత "అర్జీ రాలేదే" అన్నప్పుడు నాకు ఆ ముద్రే పనికొచ్చింది.

బడి కమిటీ మీటింగ్‌లో "ఒక్క పిల్ల కోసం ఇంత ఖర్చా" అన్నారొకరు. నాకు నోట మాట రాలేదు. మధ్యాహ్న భోజనం వండే అక్క లేచి, "అన్నం గిన్నెలు ఆ మెట్ల మీద మోసి మోసి నా మోకాళ్ళు పోయాయి, నాకూ కావాలి" అంది. ఆ మాటతోనే తీర్మానం అయింది.

ఇరవై నాలుగడుగులు తిన్నగా పోవడానికి చోటు లేదు, వేపచెట్టు అడ్డం. మేస్త్రి సగంలో చదునుగా చప్టా వేసి మలుపు తిప్పాడు. పని అయిన రోజు పాప తనే చక్రాలు తిప్పుకుంటూ పైకెక్కింది, వెనక చేతులు చాచి నడుస్తున్న నన్ను "ముట్టుకోకమ్మా" అంది.

ఇప్పుడు బాత్రూమ్ దాకా వెళ్తోంది, కానీ ఆ తలుపు రెండడుగులే, కుర్చీ పట్టదు. మూడడుగులు చేయమని సోమవారం రెండో అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకొచ్చాను. నీళ్ళ సీసా మాత్రం ఇంకా నిండుగానే ఇంటికొస్తోంది.